కంపానియన్‌కి కొత్త జంట

ఆ నిఘంటువు ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. మాట పుట్టుక రాశాక ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు పైకి చదువుతుంటే రెండోవాళ్ళు తప్పులు పట్టాలి. లాటిన్ మాటలు రాసేదీ, చదివేదీ ఆమె. తప్పులు పట్టేది అతను. ఏళ్ళ తరబడి అదే జంట.

అలాంటిది సోమవారం పొద్దున అతను కుర్చీ ఎత్తుకుని కిటికీ దగ్గరున్న కొత్త అమ్మాయి పక్కకి చేరాడు. జంటలు వేసే పెద్దాయన్ని తానే అడిగి మార్పించుకున్నాడట. ఎందుకని అడిగితే వెర్రినవ్వు నవ్వి తప్పించుకున్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

పైగా వాళ్ళ వంతుకి వచ్చిన మాట ఏదనుకున్నారు? కంపానియన్. లాటిన్‌లో ‘కమ్’ అంటే కలిసి, ‘పానిస్’ అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాడే కంపానియన్. కంపెనీ, అకంపనీ, ఆఖరికి సరుకులు దాచుకునే ప్యాంట్రీ కూడా ఆ రొట్టెకి చుట్టాలే. ఇదంతా ఎప్పుడో తవ్వి తీసి అతనికి చెప్పింది ఆమె. ఇప్పుడు రాసి, చదివి మురిసిపోతున్నది ఆ కిటికీ పక్క మహాతల్లి.

మధ్యాహ్నం ఆ అమ్మాయి తన డబ్బాలోని రొట్టె తుంచి అతనికిచ్చింది. ఉదాహరణ కూడా చేసి చూపించాలా అని ఈమె పళ్ళు నూరుకుంది. తన డబ్బా మూసి పక్కకి నెట్టేసింది. అతను పక్కన లేకపోతే తనకి ఆ ఆఫీసులో ఊపిరాడదని అప్పుడే తెలిసొచ్చింది.

సాయంత్రం వాన అందుకుంది. మెట్ల దగ్గర ఇద్దరే చిక్కుకుపోయారు. ఇక ఆగలేక ఆమె అతన్ని కడిగేసింది.

“నాతో కూర్చోడానికి నీకేం రోగం?”

“అది కాదు. ఒక ఇంటివాళ్ళు ఒకరి తప్పులు ఒకరు చూడకూడదని పెద్దాయన రూలు ఉందిగా. మొహమాటానికి వదిలేస్తారని.”

“మనం ఒక ఇంటివాళ్ళం ఎప్పుడయ్యాం?”

“అవుదామని... ఆయనతో చెప్పాను. మా అమ్మతో చెప్పాను. ఆ అమ్మాయితో కూడా చెప్పాను. నీకెలా చెప్పాలో నేర్పిస్తోంది.”

“మరి నాతో?”

అతను నాలిక కరుచుకున్నాడు. రూలు పాటించే తొందరలో అసలు మనిషిని అడగడం ఆఖరికి పెట్టుకున్నాడు మహానుభావుడు.

“నేను ఒప్పుకోనంటే?”

“కుర్చీ తెచ్చుకుని మళ్ళీ నీ పక్కకే వస్తాను. జీవితాంతం తప్పులు పడుతూ కూర్చుంటాను.”

ఆమె గబగబా మెట్లెక్కి లోపలికి వెళ్ళింది. పెద్దాయన గదికి తాళం వేస్తున్నాడు. అతను గుండె చిక్కబట్టుకుని వెనకే వచ్చి నిలబడ్డాడు.

“నాకెవరిని జంట వేసినా సరేనండీ,” అంది ఆమె. “మా ఆయన పక్కన మాత్రం మగవాళ్ళనే వెయ్యండి.”