పెదవీ విరమణ

"నామీద మీకెందుకండీ అంత కోపం?" అని అడిగి, డాక్టరుగారు అలవాటు ప్రకారం జవాబు కూడా తనే చెప్పేసుకున్నారు. "పన్ను వేసేవాళ్ళ మీదే కోపం వస్తుంది, పన్ను లాగేవాడి మీద రాదా ఏమిటి లెండి."

"అదిగో, అందుకే కోపం," అంది టీచరమ్మ.

తప్పు పూర్తిగా ఆయనది కాదు, వృత్తిది. పళ్ళ డాక్టరు 'పిల్లలు బాగున్నారా' అని అడిగేసరికి అవతలి మనిషి నోట్లో అద్దం, దూది, నీళ్ళు లాగే గొట్టం ఉంటాయి. ఇక జవాబెవరు చెబుతారు? 'బాగానే ఉంటారు లెండి' అని ఆయనే చెప్పుకోవాలి.

క్లినిక్కు కూతురికి అప్పగించిన రోజు పూలదండ వేసి పదవీ విరమణ అన్నారు. ఇంటికెళ్ళి చూస్తే అది పెదవీ విరమణ. భార్య పోయిన ఇంట్లో ఫ్రిజ్జు తప్ప గొంతు విప్పేవాళ్ళు లేరు.

రోజూ క్లినిక్కుకొచ్చి సలహాలిస్తుంటే కూతురే చెప్పింది. "నాన్నా, నా ప్రాణం తియ్యక లైబ్రరీ మేడమీదికెళ్ళు. నువ్వు కట్టిన పళ్ళు అక్కడ నానా తిప్పలూ పడుతున్నాయి."

నిజమే. కట్టుడు పళ్ళు పెట్టుకున్నాక మాట జారుతోందని నలుగురిలో నోరు విప్పడం మానేసిన వాళ్ళందరినీ, రిటైరైన ఈ టీచరమ్మే సాయంత్రాలు అక్కడ పోగుచేసి, పైకి చదివిస్తోంది. ఒకప్పుడు బస్సంతా అదిరేలా అరిచిన కండక్టరు ఇప్పుడు రుమాలు చాటున గొణుగుతున్నాడు.

డాక్టరుగారు చిన్న ఆకురాయితో పళ్ళ సెట్టు ఒరుసుకునే చోట నున్నగా చేసేవారు. టీచరమ్మ "ఇప్పుడు అనండి" అని, చేతులు కట్టుకుని ఆగేది. మాట అందించేది కాదు, గడియారం చూసేది కాదు. ఎదుటివాడి మాట ఎంత ఆలస్యమైనా వచ్చే తీరుతుందన్నట్టు నిలబడేది. అంత ఓపిక తన పరికరాల పెట్టెలో ఏనాడూ లేదని డాక్టరుగారికి తెలిసొచ్చింది. మత్తుమందు లేకుండానే మనిషి మత్తులో పడిపోయారు.

ఒకరోజు కండక్టరు రుమాలు తీసేసి, "ముందుకు జరగండి" అని ఒక్క కేక పెట్టాడు. గదిలో అందరూ కుర్చీలతో సహా ముందుకు జరిగారు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. అందరూ వెళ్ళిపోయారు, వీళ్ళిద్దరూ ఉండిపోయారు.

"మా ఆయన చనిపోయిన ఏడాది మీ కుర్చీలో కూర్చున్నాను," అంది టీచరమ్మ. "ఎలా ఉన్నారని అడిగారు. బాగానే ఉన్నారు లెండి అని మీరే అనేశారు. నేను బాగాలేనండీ అప్పుడు."

డాక్టరుగారు చేతిలోని ఆకురాయిని పెట్టెలో పెట్టేశారు. తర్వాత మెల్లగా, "ఇప్పుడెలా ఉన్నారు?" అని అడిగి, పెదాలు బిగబట్టుకుని ఆగారు.

"ఇప్పుడు బాగున్నాను," అందామె నవ్వుతూ.

ఆ నవ్వుకి ఆయన అదుపు తప్పారు. "మనిద్దరం ఒకే ఇంట్లో ఉండిపోతే ఎలా ఉంటుందంటారు?" ఆమె నోరు తెరిచేలోగా భయం ముంచుకొచ్చింది. "ఈ వయసులో ఏం బాగుంటుంది లెండి. మరిచిపోండి." గొడుగు తీసుకుని మెట్లవైపు నడిచారు.

"డాక్టరుగారూ, వెనక్కొచ్చి కూర్చోండి."

కూర్చున్నారు.

"నోరు తెరవండి."

తెరిచారు. ఆమె ఆయన పెట్టెలోంచే దూది చుట్టలు తీసి, రెండు బుగ్గల్లోనూ కుక్కేసింది.

"నొప్పెట్టదు లెండి. ప్రశ్న మీరడిగారు, జవాబు నాది. ఉంటాను. కానీ పొద్దున్నే టీ మీరు పెట్టాలి, పేపరు ముందు నేను చదవాలి. మరి మీ అమ్మాయి ఒప్పుకుంటుందంటారా?"

డాక్టరుగారు దూది వెనక ఏదో గొణిగారు.

"ఒప్పుకుంటుంది లెండి. మిమ్మల్ని ఇక్కడికి పంపమని నేనడిగితే, 'ఎప్పటికీ ఉంచేసుకోండి ఆంటీ' అంది. ఏమంటారు?"

ఇన్నేళ్ళూ ఊరందరిచేతా అనిపించిన మాటను, ఆయన నోరారా అన్నారు.

"ఆఁ..."