ఏ సీసా మందు మంచిది

2011 సెప్టెంబర్ 21, బుధవారం. సకల జనుల సమ్మెలో తొమ్మిదో రోజు.

ఉదయం 7:15కి ఆసుపత్రిలో కొమురయ్య చనిపోయాడు. హైటెక్ సిటీలో సెక్యూరిటీ గార్డు. నోటి క్యాన్సర్‌కి ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. ఆ తర్వాత రెండు రకాల మాత్రల్లో ఏది మేలో తేల్చే ట్రయల్‌లో చేరాడు.

8:30కి ఏసురత్నాన్ని లింగంపల్లిలో అతని గది నుంచే స్టేషన్‌కి తెచ్చారు. క్యాబ్ డ్రైవర్. కొమురయ్యకి పక్కింటివాడు. అదే జబ్బు, అదే ట్రయల్, రెండో రకం మాత్ర.

ఫిర్యాదు ఇచ్చింది ట్రయల్ నడిపే డాక్టర్ వెంకటనారాయణ. కొమురయ్య సీసాలో ఏసురత్నం మాత్రలు దొరికాయట. అవి వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే విషం. పైగా ఇద్దరూ తెలంగాణ గురించి రోజూ కొట్లాడేవాళ్లు.

"నోరు విప్పట్లేదంటేనే తెలుస్తోంది కదా మేడమ్" అన్నాడు డాక్టర్.

ఇన్‌స్పెక్టర్ జయలక్ష్మి రెండు గంటలు అడిగింది. సీసాలో ఏం కలిపావు? ఎప్పుడు? ఎందుకు? ఏసురత్నం తల దించుకునే ఉన్నాడు.

10:40కి టీ వచ్చింది. ఒక్క గుక్కకే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. జయలక్ష్మి టార్చ్ తీసి నోరు తెరిపించింది. నాలుక నిండా పుండ్లు. మార్చురీకి ఫోన్ చేసింది. కొమురయ్య నోరూ అంతేనన్నారు.

విషం పెట్టినవాడు తనూ అదే విషం తింటాడా? వెంటనే ఏసురత్నాన్ని జీపులో ఆసుపత్రికి పంపింది.

12:20. కొమురయ్య భార్య సత్తెమ్మని వెంటబెట్టుకుని జయలక్ష్మి డాక్టర్ ఆఫీసుకి వెళ్లింది. మాత్రలు ఎలా కలిశాయని సత్తెమ్మనే అడిగింది.

"ఏది మంచి మందో మాకే ఎరుక లేదన్నరు డాక్టర్ సార్. ఒకలు బతికి ఒకలు పోవుడేందని, ఇద్దరు సగం సగం పంచుకున్నరమ్మా. రోజుకొకటి ఏసుకున్నరు."

సీసాల మీద రాసే ఉందన్నాడు డాక్టర్. ఇంగ్లీషులో ఉంది. తెలుగు కాగితం కూడా ఇచ్చామన్నాడు. రిజిస్టర్ తెరిచి, కాగితం అందిందంటూ ఇద్దరూ వేసిన వేలిముద్రలు చూపించాడు.

జయలక్ష్మి బల్ల వైపు చూసింది. కంప్యూటర్ మానిటర్ కింద ఎత్తు కోసం ఓ కాగితాల కట్ట. బయటికి లాగింది. ప్రింటింగ్ ప్రెస్‌వాళ్లు వంద అని రాసి వేసిన పట్టీ ఇంకా తెగలేదు. పై కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలు: వారానికి ఒక్కసారే. ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"వంద కాగితాలూ ఇక్కడే ఉన్నాయి. వాళ్లకి ఇచ్చిందేమిటి?"

డాక్టర్ మాట్లాడలేదు. ఇప్పుడు నోరు విప్పనిది ఎవరని అడిగి, అతన్ని జీపెక్కించింది.

మధ్యాహ్నం 3:10. ఆసుపత్రిలో ఏసురత్నానికి విరుగుడు ఎక్కుతోంది. ప్రాణానికి భయం లేదన్నారు. ఆమెని చూసి మాట కూడదీసుకున్నాడు.

"ఏది మంచి మందో తేలిందాండి? కొమురయ్యకి చెప్పాలి."

జయలక్ష్మి అక్కడే ఆగిపోయింది. చెప్పాల్సింది చెప్పలేదని డాక్టర్‌ని అరెస్టు చేసింది తనే. కొమురయ్య పోయాడని ఆ రెండు గంటల్లో తనూ ఇతనికి చెప్పలేదు.

స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.