ఘనీ పంపిన డిస్కు

మా ఇల్లు కామారెడ్డిలో సిరిసిల్ల రోడ్డు మీద. ముందు గదిలో కంప్యూటర్ ఉండేది. తొంభై తొమ్మిదిలో మా వాడలో ఇంకెవరింట్లోనూ కంప్యూటర్ లేదు కాబట్టి నాకు కాస్త పొగరు కూడా ఉండేది. విండోస్‌ను వైరస్ తినేస్తే, ఏదో పత్రికతో ఊరికే వచ్చిన సీడీ నుంచి లినక్స్ ఎక్కించాను. అప్పట్లో దానికి ఏదీ దానంతట అది తెలిసేది కాదు. బయటి నుంచి డిస్కు పెట్టె తగిలిస్తే, ఇదిగో పెట్టె, దీన్ని ఫలానా ఫోల్డరులో తెరువు అని మనమే చెప్పాలి. దాన్నే మౌంట్ చేయడం అంటారు. చెప్పకపోతే పెట్టె ఉన్నా లేనట్టే.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఎల్లారెడ్డి బస్సు దిగి బిల్కిస్ చాచీ మా ఇంటికి వచ్చింది. వెంట కోడలు సాబేరా, నాలుగేళ్ల మనవరాలు హసీనా. పిల్ల ఒక్క క్షణం నోరు మూయదు. మౌస్ ఎందుకు, తోక ఎందుకు, దీనికి అన్నం ఎవరు పెడతరు అని నా ప్రాణం తీసింది.

చాచీ కొడుకు ఘనీ, నేనూ కలిసి చదువుకున్నాం. సౌదీలో ఒక కంప్యూటర్ ఆఫీసులో చాయ్ అందించే పనికి పోయి, చలికాలంలో అక్కడే చనిపోయాడు. ఎట్లా పోయాడన్నది ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మట్టి కూడా అక్కడే ఇచ్చారు. ఇంటికి వచ్చినవి కొన్ని బట్టలు, ఒక నీలంరంగు డిస్కు పెట్టె.

"దీంట్ల వాని గొంతు ఉన్నదట మార్కండేయా. ఒక్కసారి ఇనిపియ్యి బేటా. నా పానం నిమ్మలమైతది," అంది చాచీ. వాళ్లింట్లో మాట్లాడేది ఉర్దూ, మాతో తెలుగు. నేనిక్కడ అన్నీ తెలుగులోనే చెబుతున్నాను.

గల్ఫుకు పోయినవాళ్లు అప్పట్లో ఉత్తరాలు రాయడం తక్కువ. క్యాసెట్లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేత పంపేవాళ్లు. ఇంట్లోవాళ్లు అది విని, అదే క్యాసెట్ మీద ఒకరి తర్వాత ఒకరు జవాబు చెప్పి, తిరిగి పోయేవాళ్ల చేతికి ఇచ్చేవాళ్లు. చివర్న పిల్లల చేత ఒక మాట అనిపించడం ఆనవాయితీ. హసీనాకు నేర్పిన మాట ఒకటే... "అబ్బా, నన్ను గూడ తీస్కపో." అబ్బా అంటే నాన్నా అని. ఆ మాట విని ఘనీ అక్కడ ఏడ్చేవాడట. వాడు ఏడ్చాడని తెలిసి వీళ్లిక్కడ మురిసిపోయేవాళ్లు.

వడగాలికి కిటికీలకు తడిపిన గోనెసంచులు కట్టాం. గదంతా మసకచీకటి. తడి గోనె వాసనలో చాచీ రాసుకున్న అత్తరు వాసన కలిసిపోయింది. ప్రింటరు వైరు పీకి ఆ చోట డిస్కు పెట్టెను తగిలించాను. అలాంటి పరికరమే లేదంది కంప్యూటర్. ప్రింటరును నడిపే ప్రోగ్రాం ఆ దారికి అడ్డం కూర్చుంది. దాన్ని తీసేసి, ఈ పెట్టెను నడిపేదాన్ని ఎక్కించాను. ఈసారి పెట్టె ఉందని ఒప్పుకుంది గానీ తెరవనంది. ఈ రకం డిస్కుల్లో సరుకంతా మొదటి భాగంలో ఉండదు, నాలుగో భాగంలో ఉంటుంది. ఆ సంగతి గుర్తొచ్చేసరికి నా చొక్కా తడిసిపోయింది.

తెరవడంలోనూ రెండు రకాలు. చదవడానికి మాత్రమే తెరవచ్చు, రాయడానికి, అంటే దాంట్లో కొత్తవి చేర్చడానికి కూడా తెరవచ్చు. చదవడానికి తెరిస్తే చాలనుకున్నాను.

"ఇని ఊకుంటమా? జవాబు చెప్పొద్దా?" అంది చాచీ.

"సచ్చినోనికి జవాబేంది చాచీ?"

నా నోటికి అడ్డూ అదుపూ లేదు. ఆమె ముఖం చూసి నాకే జాలేసింది. రాయడానికి కూడా తెరిచాను. పెట్టెలో టక్కుమని ఏదో కదిలి, గిర్రున తిరిగింది.

లోపల ఒకటే ఫైలు. స్పీకర్లలో ఘనీ గొంతు వచ్చింది. "అమ్మీ, మంచిగనే ఉన్న. ఈడ ఎండలు మస్తు కొడుతున్నయి..." సాబేరా కొంగు నోట్లో కుక్కుకుంది. ఎండ గురించి, తిండి గురించి మాట్లాడాక వాడు ఆగాడు. గాలి హోరు మాత్రం వినిపించింది. తర్వాత అన్నాడు, "పిల్లను మాట్లాడనియ్యిండ్రి. దాని మాట ఇననియ్యిండ్రి."

నేను మైకు తగిలించి రికార్డింగు మొదలుపెట్టగానే చాచీ దాన్ని లాక్కుంది. ఏడ్చుకుంటూ తను చెప్పాల్సింది చెప్పి, మనవరాలిని ముందుకు లాగింది.

"వద్దత్తమ్మా..." సాబేరా పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నోర్ముయ్! నా కొడుకు అడిగిండు. నీకేంది మధ్యల?"

హసీనా మైకు ముందు నిలబడింది. బాగా నేర్చుకున్న పాఠం కదా, గట్టిగా, ముద్దుగా చెప్పింది. "అబ్బా, నన్ను గూడ తీస్కపో."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. కానీ ఆ క్షణాన నాకూ అది ముద్దుగానే వినిపించింది.

రికార్డింగు ఆపాను. డిస్కు ఆగలేదు.

పెట్టె మీది దీపం వెలుగుతూనే ఉంది. అన్‌మౌంట్ చేయమన్నాను, అంటే తెరిచిన పెట్టెను మూయమన్నాను. డివైస్ బిజీ అంది. అంటే ఎవరో ఇంకా దాన్ని వాడుతున్నారని. ఎవరని వెతికాను. ఏ ప్రోగ్రామూ లేదు. మళ్లీ కొట్టాను. బిజీ...

ఫోల్డరు చూశాను. ఘనీ ఫైలు, మా జవాబు, వాటి కింద ఇంకొకటి. నేను చేసింది కాదు. చూస్తుండగానే అది పెరుగుతోంది.

అత్తరు వాసన పోయింది. గోనె వాసన పోయింది. కాలిన ఇసుక వాసన... గదంతా అదే.

స్పీకర్లలో గుసగుసగా ఒక్క మాట వచ్చింది.

"పోదాం పా."

వైరు పట్టి పీకేశాను. దీపం ఆరింది. చాచీ చేతులెత్తి దువా చేస్తోంది. హసీనా మాత్రం ఏడవలేదు, బెదరలేదు. ఏమీ అడగలేదు.

ఆ తర్వాత ఆ పిల్ల మాట్లాడనే లేదు. కామారెడ్డి డాక్టరు, నిజామాబాద్ డాక్టరు గొంతు బ్రహ్మాండంగా ఉందన్నారు. బిచ్కుంద దాకా పోయి తాయెత్తు కట్టించారు. చాచీ ఏమందో తెలుసా? "తండ్రి దగ్గర మాట్లాడుకుంటున్నది, పోనీ తియ్యి." కొడుకు మీద ప్రేమ ఒక మనిషిని అంత రాయి చేస్తుందా అని నాకు అసహ్యం పుట్టింది.

వానలు పడ్డాక సాబేరా ఒక్కతే పిల్లను ఎత్తుకొని వచ్చింది. పెట్టె అప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంది. నేను తాకలేదు.

"అన్నా, ఒక్కసారి తెరువు. దాని గొంతు దాంట్లున్నదేమో. నా బిడ్డ నన్ను పిలిస్తే చాలు."

వద్దన్నాను. కాళ్లు పట్టుకుంది. ఈసారి చదవడానికి మాత్రమే తెరిచాను. బయటి నుంచి ఎవరూ ఒక్క అక్షరం కూడా దాంట్లో చేర్చలేరు. సాబేరా కుర్చీలో కూర్చుని పిల్లను ఒళ్లో పెట్టుకుంది. మూడో ఫైలు నడిపించాను.

గాలి... చాలాసేపు గాలి.

"అమ్మీ."

హసీనా గొంతే. సాబేరా ఏడుస్తూ నవ్వింది. "బిడ్డా! నా బంగారమా!" ఒళ్లో ఉన్న పిల్లను గుండెకు అదుముకుంది.

"అమ్మీ, ఈడ అబ్బ లేడు. ఎవ్వలో తీస్కచ్చిన్రు."

సాబేరా నవ్వు ఆగిపోయింది. నేను ఆపుదామని చెయ్యి చాచాను. మీటలు పని చేయలేదు.

స్పీకర్లలో పిల్ల కాసేపు వెక్కింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"నీ ఒళ్లె కూసున్నదెవ్వలు అమ్మీ?"

సాబేరా కదల్లేదు. చేతులు వదల్లేదు. ఒళ్లో ఉన్న పిల్ల మెల్లగా తలెత్తి, ఆమె గడ్డం నిమిరింది.