వాన వెలిసేదాకా పాలపిట్ట ఎగరదు

“నెల రోజులుగా రివ్యూ, రివ్యూ అని అదే ముక్క రాస్తన్నారు. రివ్యూ చేస్తన్నారా, తపస్సు చేస్తన్నారా సార్?”

ఫోన్‌లో అటువైపు నుంచి నవ్వు వినబడింది. జ్యోతిర్మయికి ఒళ్ళు మండింది.

వైజాగ్‌లో ఒక కన్సల్టెన్సీలో ఆమె ఉద్యోగం. చిన్న విమానాశ్రయాలకు ఎంత దూరంలో ఇళ్ళూ బడులూ కట్టుకోవాలో ప్రభుత్వం మార్గదర్శకాలు తయారుచేస్తోంది. ఏ విమానం ఎంత మోత చేస్తుందో తయారీ కంపెనీలను అడిగి, ఆ డెసిబెల్ లెక్కలన్నీ ఒకచోట చేర్చే పని ఆమెది. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో పంపించారు. ‘పాలపిట్ట’ అనే బుల్లి విమానం తయారుచేసే కంపెనీ మాత్రం పంపలేదు. అక్కడి ఇంజనీరు నాగవంశీ ఏ మెయిల్‌కైనా ‘అండర్ రివ్యూ’ అని రెండు ముక్కలు రాసి ఊరుకునేవాడు.

“నవ్వుతారేటండీ?” కోపమొస్తే ఆమె నోట వాళ్ళ కంచరపాలెం యాస దానంతటదే వచ్చేస్తుంది.

“సారీ అండి. మెయిల్స్‌లో మీ ఇంగ్లీషు చూసి రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మేడమ్ అనుకున్నాను.”

“నానూ మిమ్మల్ని బెంగుళూరు అద్దాల మేడలో కూకున్న పెద్దాయన అనుకున్నాను.”

ఇంతలో ఫోన్‌లో రైలు అనౌన్స్‌మెంటు వినబడింది. దువ్వాడ. వైజాగ్ శివారు స్టేషనే.

“మీరు దువ్వాడలో ఉన్నారా?”

“స్టేషన్ వెనకే మా షెడ్డండి.”

“కదలకండి. వస్తన్నాను.”

గోపాలపట్నం దాటుతుండగానే వాన అందుకుంది. స్కూటీ షెడ్డు ముందు ఆగేసరికి ఆమె తడిసి ముద్దయింది. గొడుగు పట్టుకుని ఒకతను పరుగెత్తుకొచ్చాడు. గొడుగంతా ఆమె మీదే పట్టి తను తడుస్తున్నాడు. చేతులకు గ్రీజు, కళ్ళద్దాల నిండా చినుకులు. దారంతా కోపం కూడగట్టుకుంటూ వచ్చిన జ్యోతిర్మయికి ముందు ఆ అద్దాలు తుడవాలనిపించింది. దాంతో తనమీద తనకే చిరాకేసింది.

లోపల టేబుల్ మీద పాలపిట్ట బ్రోచర్ కనబడింది. తెరిచి చూస్తే, ఆమె నెల రోజులుగా అడుగుతున్న అంకె అందులోనే ఉంది.

“అచ్చేసి మరీ దాస్తన్నారా?”

“అది మాత్రం వెయ్యకండి, ప్లీజ్.” అతని గొంతులో నవ్వు పోయింది. “పాత ప్రొపెల్లర్‌తో కొలిచిందది. తర్వాత మార్చేశాం. కొత్తదానికి మోత ఎక్కువని చెవికే తెలుస్తోందండి. మీ లెక్క నమ్మి రేపు రన్‌వే పక్కన ఎవరో బడి కడతారు. పిల్లలకి పాఠం వినబడొద్దా?”

“ఆ ముక్క మెయిల్లో రాయొచ్చు కదా.”

“కొలవకుండా రాస్తే పుకారవుద్దండి. మళ్ళీ కొలుద్దామని మా బాసు తిరుమలరావుగారి వెంట పడ్డాను. అంకె పెరిగితే ఆర్డర్లు పోతాయి, నీ ఉద్యోగమూ పోతుందన్నారు. నిన్ననే ఒప్పుకున్నారు. కానీ వాన పడుతుంటే కొలత పనికిరాదు. చినుకుల చప్పుడు కూడా మైకులో కలిసిపోద్ది.”

ఆమె చున్నీ కొస పిండి అతని కళ్ళద్దాలు తీసి తుడిచి చేతికిచ్చి, స్కూటీ ఎక్కింది.

ఆఫీసులో ఆమె పై అధికారి మోహనకృష్ణ బ్రోచర్ అంకె వేసి పంపేయమన్నాడు. “తప్పని తెలిసీ నా పేరుతో పంపలేను సార్,” అంది జ్యోతిర్మయి. ఆయన మొహం మాడ్చుకుని, నెలాఖరు దాకా గడువిచ్చాడు. ఆలోపు కొత్త కొలత రాకపోతే పాతదే వెళ్తుంది.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఫోన్.

“కంచరపాలెంలో వానేనా అండి?”

“దంచేస్తంది. అక్కడో?”

“ఇక్కడా అంతేనండి. ఇంతకీ టిఫినేంటి?”

రెండు రోజుల్లో టిఫిన్ దాటారు. వారం తిరిగేసరికి అతని నాన్న కామరాజు గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు పనికి వచ్చిన కథా, ఆమె గణితం పుస్తకాల్లో విమానాల బొమ్మలు వేసి దెబ్బలు తిన్న కథా అయిపోయాయి. నెలాఖరు దగ్గరపడుతోంది. వాన తగ్గాలని జ్యోతిర్మయి దేవుడికి దణ్ణం పెట్టుకునేది. ఫోన్ మోగగానే, ఈ ఒక్కరోజుకీ ఉండనీ స్వామీ అని మనసు మార్చుకునేది.

చివరికి ఒక ఉదయం ఎండ కాసింది.

ఊరికి దూరంగా చిన్న రన్‌వే. కొలత చూడ్డానికి జ్యోతిర్మయి కూడా వచ్చింది. పక్కన గడ్డిలో స్టాండుకు మైకు బిగించారు. తెల్లజుట్టు తిరుమలరావు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు. విమానం మైకు మీదుగా ఎగిరే రన్ మొదలయ్యాక ఎవరూ గొంతు విప్పకూడదని అందరికీ చెప్పాడు.

నాగవంశీ ఆమె పక్కకు జరిగాడు. “రేపటి నుంచి ఫోన్ చెయ్యడానికి వాన సాకు ఉండదండి.”

“అయితే?”

“సాకు లేకుండా చెయ్యొచ్చా? ఎప్పటికీ?”

సరిగ్గా అప్పుడే తిరుమలరావు చెయ్యెత్తాడు. రన్ మొదలైంది. అంతా నిశ్శబ్దం. దూరంగా నీలి రెక్కలు మెరిశాయి. విమానం వెళ్ళేదాకా ఆగాలని జ్యోతిర్మయికి తెలుసు. పక్కకు చూసింది. అతని మొహం పరీక్ష ఫలితం కోసం చూస్తున్నవాడిలా ఉంది.

“చేసెయ్యండి,” అనేసింది.

తిరుమలరావు హెడ్‌ఫోన్స్ తీసి, నెమ్మదిగా ఇటు తిరిగాడు. “ఈ రన్ పనికిరాదు. పాలపిట్ట కంటే ముందు ఇంకో పిట్ట కూసింది.” రేడియో అందుకుని పైలట్‌తో అన్నాడు. “ఇంకో రౌండ్ తిరిగి రావయ్యా. ఇక్కడ మనవాడికి సంబంధం కుదిరింది.”

రెండోసారి పాలపిట్ట నెత్తిమీదుగా దూసుకుపోయింది. కాళ్ళకింద నేల అదిరింది. ఆ మోతలో ఇద్దరూ నోరు బిగించి నిలబడ్డారు. అతని చిటికెన వేలిని ఆమె చిటికెన వేలు చుట్టుకుంది.

అంకె పెరిగింది. బ్రోచర్‌లో ఉన్నదానికంటే బాగా ఎక్కువ. తిరుమలరావు దాన్ని చాలాసేపు చూశాడు.

“ఆర్డర్లు తగ్గుతాయి,” అన్నాడు. తర్వాత నాగవంశీ భుజం తట్టాడు. “పంపించు. మోత తక్కువ ప్రొపెల్లర్ పని రేపట్నుంచి నీదే. ఉద్యోగం పోతుందంటే నిజమే అనుకున్నావు కదూ?”

జ్యోతిర్మయి అక్కడి నుంచే ఆఫీసుకు లెక్క పంపి, తల్లి కాశమ్మకు ఫోన్ చేసింది.

“అమ్మా, సాయంత్రం ఒకర్ని తీసుకొస్తన్నాను.”

“ఎవుల్ని? వాన గురించి ఫోన్ సేత్తాడు, ఆ బాబునా?”

“నీకెలా తెలుసు?”

“వానొత్తందో లేదో కిటికీలోంచి సూత్తే తెలిసిపోద్ది కదే. దానికి గంటసేపు మాటలేటి? తీసుకొచ్చీ. సేపల పులుసు ఎడతాను.”