ప్యానెల్ మీద పడవ

"చేతులు ఒళ్ళో పెట్టుకోండి. మౌస్ ముట్టుకోవద్దు. ఊరికే చూడండి చాలు," అంది డాక్టర్ సుమిత్ర.

నూకరత్నం బుద్ధిగా చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వంక చూసింది. తెర అడుగున, ఈ కొస నుంచి ఆ కొస దాకా, రెండు వేళ్ళ మందాన ప్యానెల్ ఉంది. దాని మీద గడియారం, గాలివేగం, అలల ఎత్తు, రేడియో, సైరన్, పడవ, ఇలా వరసగా బొమ్మలు. ఆమె అలల ఎత్తు వైపు చూసింది. కాసేపటికి ఆ బొమ్మ కొంచెం పెద్దదై, పక్కవాటిని జరుపుకుంటూ వచ్చి మధ్యలో కూర్చుంది.

"అమ్మో! ఇదేటి మేడమ్, నా మనసులో మాట దీనికెలాగ తెలిసింది?"

"మనసు సంగతి దానికి తెలీదు. కళ్ళ సంగతే తెలుసు," అని నవ్వింది సుమిత్ర.

చింతలరేవు తీరరక్షణ కేంద్రం అంటే పెద్ద హడావుడి ఏమీ లేదు. ఒక గది, ఒక కుర్చీ, ఒక కంప్యూటర్. రేవు నుంచి వేటకు వెళ్ళే ప్రతి పడవలోనూ ఆపద మీట ఒకటి బిగించి ఉంటుంది. ఏదైనా అయితే దాన్ని నొక్కాలి. నొక్కగానే కేంద్రంలో ప్యానెల్ మీదున్న పచ్చ పడవ బొమ్మ ఎర్రబడుతుంది. కుర్చీలో ఉన్నవాళ్ళు రక్షణ బోటును పంపాలి. ఈ పనికి మనుషులు ముగ్గురు: నూకరత్నం, రేపోమాపో రిటైరయ్యే కామేశ్వర్రావు, షకీలా. ఒకరు దిగాక ఒకరు డ్యూటీకి వస్తారు. నూకరత్నం పుట్టిందీ మెట్టిందీ ఆ రేవులోనే. ఆమె భర్త ఎల్లాజీకి సొంత పడవ ఉంది.

ముగ్గురు మనుషులకు ఒకటే ప్యానెల్ అయితే ఏమవుతుందో ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. కామేశ్వర్రావుకు ప్యానెల్ తెర పైన ఉండాలి. షకీలాకు ఎడమ పక్కన నిలువుగా ఉండాలి, అదీ పనిలేనప్పుడు దాక్కోవాలి. నూకరత్నానికి బొమ్మలు పెద్దవిగా కావాలి. ఎవరు డ్యూటీకి వచ్చినా ముందు ప్యానెల్ సెట్టింగ్స్ తెరిచి, అంతకుముందు మనిషి చేసినదంతా చెరిపి, తన పద్ధతిలో పెట్టుకుని గానీ సముద్రం సంగతి చూసేవారు కాదు. ఒకసారి కామేశ్వర్రావు ప్యానెల్‌ను లాక్ చేసి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండా మేనకోడలి పెళ్ళికి వెళ్ళిపోయాడు. ముగ్గురూ కలిసికట్టుగా చేసిన పని ఒక్కటే. పడవ బొమ్మ ఎర్రబడ్డప్పుడు గంట కూడా మోగేది. వల తగిలినా మోకాలు తగిలినా మీట నొక్కుకుపోయి, రోజంతా ఉత్తుత్తి గంటలే; పడవవాడు చూసుకుని మీట వదిలించగానే బొమ్మ మళ్ళీ పచ్చబడేది. ఆ గంట నోరు సెట్టింగ్స్‌లో నొక్కేశారు.

ఈ తగువుల మీద వెళ్ళిన ఫిర్యాదులు చదివి, నవ్వకుండా ఆలోచించిన మనిషి డాక్టర్ సుమిత్ర, ఈ కంప్యూటర్లు తయారుచేసే శాస్త్రవేత్త. ఆవిడ కనిపెట్టిన ప్యానెల్‌ను ఎవరూ సర్దక్కర్లేదు. తనను తానే సర్దుకుంటుంది. తెర పై అంచున, సరిగ్గా మధ్యలో, ఆవగింజంత లెన్స్ ఉంటుంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళ కంటిపాప ఎటు తిరిగిందో, ఎంతసేపు నిలిచిందో అది చూస్తుంది. ముగ్గురి చూపులూ కలిపి లెక్కవేస్తుంది. ఎక్కువ చూసే బొమ్మ పెద్దదై మధ్యకు వస్తుంది. ఎవరూ చూడని బొమ్మ చిక్కిపోయి అంచుకు పోతుంది. ఎన్నాళ్ళకూ చూడకపోతే ప్యానెల్ చివరనున్న బాణం గుర్తు వెనక్కి వెళ్ళి దాక్కుంటుంది.

"అంటే మేం కునుకు తీసినా తెలిసిపోతుందా?" అని అడిగాడు కామేశ్వర్రావు అనుమానంగా.

"తెలుస్తుంది. ఎవరికీ చెప్పదు లెండి."

"లెన్స్ పాడైతే?"

"అప్పుడు మౌస్‌తో దేన్ని నొక్కుతున్నారో చూసి నేర్చుకుంటుంది. పని మాత్రం ఆగదు," అంది సుమిత్ర.

ఆ జవాబు అప్పుడు అందరికీ నచ్చింది. తగువులు ఆగిపోయాయి. షకీలా ఇంటి నుంచి తెచ్చిన సేమ్యా ముగ్గురూ కలిసి తినే రోజులు కూడా వచ్చాయి.

దసరాకు ఆయుధ పూజ చేశారు. తెర తుడిచారు, కీబోర్డు దులిపారు, షకీలా బంతిపూల దండ తెచ్చింది. బొట్టు పెట్టే పని నూకరత్నానిది. మనిషికైతే బొట్టు నుదుటి మధ్యన పెడతాం. తెరకు నుదురంటే పై అంచు మధ్యభాగమే కదా! ఆమె వేలు వెతుక్కోకుండా నేరుగా అక్కడికే వెళ్ళింది. కుంకుమ రాలకుండా కాస్త నూనె కూడా కలిపింది. సుమిత్ర లెన్స్ పెట్టిన చోటు అదే. ఆ చోటు ఎంచడానికి ఆవిడ ఎంతోమంది ఇంజనీర్లతో చర్చించింది. ఆవిడా ఏటా తన కారుకు బొట్టు పెట్టే మనిషే, అయినా ఈ సంగతి తట్టలేదు. పొద్దున్నే తుడవడానికి వచ్చే ఆయమ్మ తెరంతా తుడిచి, బొట్టు దగ్గర మాత్రం గుడ్డను పక్కనుంచి పోనిచ్చేది. పూజలో పెట్టిన బొట్టు చెరపడానికి మనలో ఎవరికి చెయ్యి వస్తుంది?

మిషనుకు కళ్ళు పోయాయి. చెప్పిన ప్రకారం అది మౌస్‌ను చూసి నేర్చుకోవడం మొదలుపెట్టింది. రేడియోను నొక్కుతారు. సైరన్‌ను పరీక్షకు నొక్కుతారు. గాలివేగాన్ని నొక్కి వివరాలు చదువుతారు. పచ్చగా ఉన్న పడవను ఎవరు నొక్కుతారు? దాన్ని ఒక చూపు చూసి, స్థిమితపడి ఊరుకుంటారు. ఆ చూపు ఇప్పుడు మిషనుకు అందడం లేదు. అందుకని పడవ బొమ్మ రోజుకింత చిక్కిపోయి, ఒకనాటికి బాణం గుర్తు వెనక్కి వెళ్ళిపోయింది.

గమనించలేదా అని నన్ను అడక్కండి, నాకూ వాళ్ళ మీద కోపంగానే ఉంది. కానీ రోజూ చూసే వస్తువును మనం నిజంగా చూడం. వాళ్ళ కన్ను వెతుకుతున్నది పడవను కాదు, ఎరుపును. ఎరుపు కనిపించలేదు కాబట్టి అంతా క్షేమమే అనుకున్నారు.

కార్తీకంలో ఒక పొద్దున ఎల్లాజీ ఒక్కడే పడవ తీశాడు. రోజూ తోడు వెళ్ళేవాడికి జ్వరం. పొద్దెక్కాక చెప్పాపెట్టకుండా గాలి లేచింది. కుర్చీలో నూకరత్నమే ఉంది. ఊళ్ళకు సైరన్లు వేసింది. పడవలన్నిటినీ ఒడ్డుకు రమ్మని రేడియోలో పిలిచింది. ఆ హడావుడిలో కూడా ప్యానెల్ వైపు చూస్తూనే ఉంది. ఎక్కడా ఎరుపు లేదు. తన మనిషి క్షేమంగా వస్తున్నాడనే నమ్మింది.

పడవలు ఒక్కొక్కటే చేరుతుంటే రేడియోలో ఎవరో అడిగారు. "వదినా, ఎల్లాజీ అన్న మా ఎనకాలే రావాల. పిలుస్తుంటే పలకట్లేదు. మీకేటైనా తెలిసిందా?"

అప్పుడామె ఎరుపును కాక పడవ బొమ్మను వెతికింది. అది లేదు. బాణం గుర్తు నొక్కింది. అక్కర్లేని బొమ్మల మధ్యన, నలకంత, ఎర్రగా ఉంది. మీట నొక్కిన సమయం దాని పక్కనే రాసి ఉంది. ఆమె మొదటి సైరన్ వేస్తున్న సమయం అది.

రక్షణ బోటు వాళ్ళకు వలకు కట్టే బెండ్లు, ఒక డీజిలు డబ్బా దొరికాయి. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు.

మర్నాడు సుమిత్ర వచ్చింది. తెర పైకి చూడగానే ఆవిడకు అర్థమైంది. గోటితో ఆ కుంకుమను గీకి, తడి రుమాలుతో తుడవసాగింది. ఎవరి ముందు ఏం తుడుస్తున్నదో సగం అయ్యాక గానీ ఆవిడకు తట్టలేదు. గోడ పక్కన నూకరత్నం నిలబడి ఉంది.

"నేనే పెట్టాను మేడమ్. అందర్నీ సల్లగా సూడమనే పెట్టాను."

"తప్పు మీది కాదు. కళ్ళు లేకపోయినా నిర్ణయాలు తీసుకోమని దానికి చెప్పింది నేను," అంది సుమిత్ర. ఆ మాట నిజాయితీగానే అంది. అంతకన్నా చేయగలిగింది ఆవిడకు ఏమీ కనిపించలేదు.

తర్వాత పెద్ద సమావేశం జరిగింది. పాత పద్ధతికి పోదామని ఒక్కరూ అనలేదు, సౌకర్యం అలవాటైంది మరి. లెన్స్‌ను తెర కింది అంచుకు మార్చారు. గంటకు మళ్ళీ ప్రాణం పోద్దామని అడిగితే, ఉత్తుత్తి గంటల గొడవ మళ్ళీ మొదలవుతుందని పైవాళ్ళు తోసిపుచ్చారు. అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న నూకరత్నం లేచింది.

"అన్నిటికీ కలిపి ఒక బొమ్మ వద్దు. ఏ పడవకు ఆ పడవ బొమ్మ ఉండాల. ఏదీ ప్యానెల్ మీంచి పోకూడదు. మిషను తియ్యకూడదు. మేం తియ్యకూడదు. మేడమ్ కూడా తియ్యకూడదు."

"పడవ పాతబడిపోయి పక్కన పెట్టేస్తారనుకోండి, అప్పుడు?" అని మెల్లగా అడిగింది సుమిత్ర.

"ఆ ఇంటోళ్ళు వచ్చి వేలిముద్ర వెయ్యాల. అప్పుడే తియ్యాల."

పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ నియమాన్ని సుమిత్ర ప్యానెల్‌లో పెట్టి లాక్ చేసింది. తీరంలోని కేంద్రాలన్నిటికీ అదే నియమం వెళ్ళింది.

నూకరత్నం కొన్నాళ్ళకు మళ్ళీ డ్యూటీలో చేరింది. మనిషి కనపడనిదే కర్మ ఏమిటని పెద్దవాళ్ళను ఇంట్లోంచి పంపేసింది. నుదుట బొట్టుతోనే వచ్చి కుర్చీలో కూర్చునేది. ప్యానెల్ మీద ఒడ్డునున్న పడవలు తెల్లగా, వేటకు వెళ్ళినవి పచ్చగా ఉన్నాయి. మీట నొక్కిన పడవ, ఆ మీట వదిలిస్తేనో ఒడ్డు చేరితేనో తప్ప ఎర్రగానే ఉంటుంది. ఎల్లాజీ పడవ ఎర్రగా ఉంది.

ఆమె దాన్నే చూసేది. పచ్చబడుతుందేమోనని చూసేది. కామేశ్వర్రావు కూర్చోగానే చూసేవాడు, గంట ఆపిన రోజు ముందు చెయ్యెత్తింది తనే గనక. షకీలా చూడకూడదు అనుకుంటూనే చూసేది. ఆశ ఏమిటో, సిగ్గు ఏమిటో మిషనుకు తెలియదు. ముగ్గురూ దీన్నే చూస్తున్నారు కాబట్టి ఇదే ముఖ్యమైనదని తేల్చుకుంది. ఎర్ర పడవను మధ్యకు తెచ్చింది. వారం వారం పెంచింది, దానికి తగ్గట్టు ప్యానెల్‌నూ మందం చేసింది. మిగతా పడవలకు చోటు చాలక అవి రెండు పక్కలా నువ్వుగింజలంత అయిపోయాయి.

మాఘంలో రేవుకు దగ్గర్లోనే ఒక పడవకు నీళ్ళు ఎక్కాయి. వాళ్ళు మీట నొక్కారు. నువ్వుగింజ ఎర్రబడింది. పెద్ద ఎరుపు పక్కన చిన్న ఎరుపు కామేశ్వర్రావు కంటికి చాలాసేపటి దాకా ఆనలేదు. రక్షణ బోటు వెళ్ళేసరికి వాళ్ళు మెడలోతు నీళ్ళలో ఉన్నారు. బతికారు. సాయంత్రం ఆ ఇళ్ళ ఆడవాళ్ళు కేంద్రం మీదికి వచ్చారు.

"మావోళ్ళ పడవలు నలకలంత, పోయినోడి పడవ పళ్ళేవంతానా?" అని అరిచింది ఒకామె. అరిచాక నూకరత్నాన్ని చూసి, కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

సుమిత్రకు కబురు పెట్టారు.

"బొమ్మ పెరగకుండా హద్దు పెట్టలేరా?" అన్నాడు కామేశ్వర్రావు.

"పెట్టొచ్చు. కొత్త వెర్షన్ పరీక్షలన్నీ దాటి రావాలంటే వేసవి గడిచిపోతుంది. ఈలోగా పడవలు వెళ్ళక మానవు కదండీ."

"అయితే ఆ ఒక్క బొమ్మ తీసెయ్యండి."

"నా చేతుల్లో లేదు," అంది సుమిత్ర. ఆ తర్వాత ఆవిడా నూకరత్నం వైపు చూడలేదు, కామేశ్వర్రావూ చూడలేదు.

నూకరత్నం తెర దగ్గరికి వచ్చింది. "దీన్ని తీస్తే, ఆయన ఇంక రాడని నేనే ఒప్పుకున్నట్టా మేడమ్?"

"కాదు నూకరత్నం గారూ. ప్యానెల్ మీంచి తీసినట్టు, అంతే."

"మీకలాగ ఉంటాది. నాకలాగ లేదు."

అయినా కుర్చీలో కూర్చుంది. బొమ్మ మీద మౌస్ పెట్టి కుడి మీట నొక్కింది. 'ప్యానెల్ నుంచి తొలగించు' అన్న మాట వచ్చింది. దాన్ని నొక్కితే తెర మధ్యన చిన్న పెట్టె తెరుచుకుంది. 'ఈ పడవను తొలగించమంటారా? కచ్చితంగా అనుకుంటున్నారా?' అని అడిగింది. కచ్చితంగా అనుకోవడం ఆమెకు ఎలా సాధ్యం? సముద్రం అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. బయట వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. రేపు వేటకు వెళ్ళేది వాళ్ళే. ఆమె కళ్ళు మూసుకుని, కీబోర్డు పక్కనున్న వేలిముద్ర పలక మీద బొటనవేలు ఆనించింది. కళ్ళు తెరిచేసరికి పడవ లేదు. అప్పుడామె పెద్దగా ఏడ్చింది. ఇన్ని నెలల్లో ఆ గదిలో ఆమె ఏడవడం అదే మొదలు.

పదిరోజులు తిరిగేసరికి కామేశ్వర్రావు ఫోన్ చేశాడు. "మేడమ్, మీ మిషను చెడిపోయింది. ఒకసారి రండి."

సుమిత్ర వచ్చి చూసింది. పడవల బొమ్మలు ఇంకా నువ్వుగింజలంతే ఉన్నాయి, రెండు అంచులకూ అతుక్కుపోయి. ప్యానెల్ మధ్యలో పళ్ళెమంత ఖాళీ.

"చూశారా? పీడా పోయిందనుకుంటే ఇదేం గోల? ఆ చోటులోకి దేన్నీ రానివ్వదు. మౌస్‌తో లాక్కొచ్చి పెట్టినా పక్కకు నెట్టేస్తుంది. ఆవిడ వేలిముద్ర వేసి ఏం లాభం?"

సుమిత్ర కొంతసేపు పరీక్షించింది. "చెడిపోలేదండీ. చూపు ఇంకా అక్కడే నిలుస్తోంది. అక్కడేముందో దానికి తెలీదు. ఏదో ఉందని మాత్రం తెలుసు. అందుకే ఆ చోటు ఎవరికీ ఇవ్వడం లేదు."

"అయితే రత్నాన్ని వేరే సెక్షన్‌కు మార్చమని రాస్తాను. పాపం, ఆవిడకూ మంచిదే."

"ఆవిడ ఈ పదిరోజులూ సెలవులో ఉంది కదండీ," అంది సుమిత్ర. "డ్యూటీ చేసింది షకీలా గారు, మీరు."

"నేనా? నేనెందుకు చూస్తానండీ అటు!" అన్నాడు కామేశ్వర్రావు, ఆ ఖాళీని చూస్తూనే.