చెమట పట్టిన నిద్ర

కేదార్‌ని చంపింది అతని నిద్రే.

మిట్టమధ్యాహ్నం, అమీర్‌పేట మెట్రో మెట్ల మీద, ఇసుక వేస్తే రాలనంత జనంలో ఎవరో అతన్ని రాసుకుంటూ వెళ్ళారు. మెడ వెనక సన్నని సూది దిగింది. నలుగురూ మూగి, వడదెబ్బ అనుకుని మొహం మీద నీళ్ళు చల్లేలోపే ప్రాణం పోయింది. కేదార్ సీక్రెట్ ఏజెంట్. ఆ సంగతి కన్నతల్లికి కూడా తెలియదు. మరి శత్రువుకి ఎలా తెలిసింది?

"వాడే చెప్పిండు," అన్నాడు చీఫ్ ఉప్పలయ్య. "నిద్రల."

లక్డీకాపూల్‌లో ఒక ట్రావెల్స్ బోర్డు వెనక దాక్కున్న ఆఫీసు అది. ఎదుట ఏజెంట్ భానుచందర్ చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. తుపాకులకు ఎదురెళ్ళిన మనిషే, కానీ ఈ మాట వినగానే గుండె గుభేలుమంది.

"పంజాగుట్టల ఒక స్లీప్ ల్యాబ్ ఉన్నది," ఉప్పలయ్య బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "డాక్టర్ కుసుమకుమారి అని, మెదడు మీద రీసెర్చ్ చేస్తది. మనిషి గాఢంగ నిద్రపోతే మెదడుల పెద్ద పెద్ద అలలు లేస్తయంట, నిదానంగ. గా అల లేచే టైంకు చెవుల చిన్నగ సౌండ్ వినిపిస్తే, పొద్దున చదివింది మస్తు గుర్తుంటదంట. కోచింగ్ పిల్లల మీద టెస్ట్ చేస్తుంది పాపం. మంచి పనే. గని ఆ ల్యాబుల ఎవడో రేనర్ మనిషి దూరిండు."

రేనర్ పేరు చెబితే భానుచందర్ నోరు తడారిపోతుంది. దేశదేశాల రహస్యాలు కొని అమ్మే ముఠాకి అతను నాయకుడు.

"సౌండ్‌కు బదులు గా దూరినోడు ప్రశ్న అడుగుతుండు. పండుకున్నోడు నిద్రలనే జవాబు చెప్తుండు. రికార్డింగులు ఎవరో ముడుతున్నరని డాక్టరమ్మనే మనకు ఫోన్ చేసింది. కేదార్‌ను వాలంటీర్ లెక్క పంపిన. వాడు నిజంగనే నిద్రపోయిండు. ఇప్పుడు నువ్వు పోవాలె. పండుకో, గని నిద్రపోకు. లోపలోడు ఎవడో చూసి రా."

"ఇంకెవరినన్న పంపుండ్రి సార్."

"ఏం, భయమా?"

"భయమే సార్."

"భయమున్నోనికి నిద్ర పట్టది. అందుకే నిన్ను పంపుతున్న."

అసలు భయం ఏమిటో భానుచందర్ చెప్పలేకపోయాడు. అతను నిద్రలో మాట్లాడతాడు. అప్పుడో మాట ఇప్పుడో మాట కాదు, ఏకంగా ముచ్చట్లే పెడతాడు. భార్య మంజుశ్రీ పొద్దున్నే అతని ముద్ద మాటల్ని అనుకరించి నవ్విస్తుంటుంది. నిద్రలో వాగే ఏజెంట్‌ని ఏ ఆఫీసు ఉంచుకుంటుంది? పైగా అతని కడుపులో ఒక పేరు ఉంది. యశస్విని. రేనర్ పక్కన పట్టుచీరలో మెరిసిపోతూ తిరిగే దుబాసీ. ఆమె నవ్విందంటే ఎయిర్‌పోర్టు ఆఫీసర్లు సంచీ తెరవమని అడగడం కూడా మరిచిపోతారు. ఆ యశస్విని మన మనిషి. రేనర్ ముఠాలో భానుచందర్‌కి ఒక మనిషి ఉన్నట్టు ఆఫీసులో తెలుసు; ఆ మనిషి ఎవరో మాత్రం అతనొక్కడికే తెలుసు, చీఫ్‌కి కూడా తెలియదు. ఆ పేరు నోరు జారితే ఆమెకీ కేదార్ గతే.

రాత్రంతా కన్ను మూతపడలేదు. తెల్లారేసరికి ఇంకో దిగులు పట్టుకుంది: ఇంత నిద్ర బాకీ పెట్టుకుని మెత్తటి మంచం మీద వాలితే ఇంకేమన్నా ఉందా? చింతనిప్పుల్లా ఉన్న అతని కళ్ళు చూసి మంజుశ్రీ గిన్నెడు కొబ్బరినూనె తెచ్చి మాడు మీద మర్దనా చేసింది.

"జర సల్లవడతది, కూసో," అంది.

గడప దాటాక గాని డాక్టర్ ఫోన్లో చెప్పింది గుర్తురాలేదు. "తలకి నూనె రాసుకుని రాకండి బాబూ. జిడ్డు మీద ఎలక్ట్రోడ్లు నిలవవు. మా వాళ్ళు వెనక్కి పంపేస్తారు." వెనక్కి పంపితే అంతకన్నా కావలసిందేముంది అనుకున్నాడు.

మీసం తీసేసి, వీపున బ్యాగు, మెడలో కోచింగ్ సెంటర్ ట్యాగుతో నిరుద్యోగి వేషంలో పంజాగుట్టలో దిగాడు. ల్యాబు కింద ఫుట్‌పాత్ మీద సాఫ్ట్‌వేర్ కోర్సుల పాంప్లెట్లు పంచుతున్న వాళ్ళందరూ మనవాళ్ళే.

"పైథాన్ డెమో ఎప్పుడన్నా?" అడిగాడు కోడ్ ప్రకారం.

"తెర లేవంగనే," అన్నాడు ఒకడు.

నాలుగో అంతస్తు కిటికీ తెర పైకి లేస్తే వాళ్ళు ఉరికి రావాలి. తెర లేపే పని డాక్టర్‌ది.

పైన తెల్లకోటు వేసుకున్న టెక్నీషియన్ దినేశ్ నవ్వుతూ ఎదురొచ్చాడు. ఫోనూ, వాచీ, ఆఖరికి చొక్కా కూడా తీయించాడు. చొక్కా గుండీలో ఉన్న ట్రాన్స్‌మీటర్ కూడా దాంతోపాటే పోయింది. మంచం మీద పడుకోబెట్టి జుట్టు పాయలు తీశాడు. వేళ్ళకి నూనె జిగటగా అంటింది. భానుచందర్ తిట్టు కోసం ఎదురుచూశాడు. దినేశ్ ఏమీ అనలేదు. వేళ్ళు కోటుకి తుడుచుకుని, ఆ జిడ్డు మీదే ఎలక్ట్రోడ్లు అతికించేశాడు.

అప్పుడు అర్థమైంది. ఈ పని నేర్చుకున్నవాడెవడూ అలా చేయడు. లోపల దూరినవాడు వీడే.

లేవబోయాడు. అప్పటికే కళ్ళకి నల్లటి పట్టీ పడింది. తలుపు గడియ చప్పుడైంది. ఏసీ ఆగిపోయింది.

"ఆ రొదకు రికార్డింగ్ ఖరాబైతది," దినేశ్ ఎవరికో చెబుతున్నాడు. "వీడే సార్, మీసం తీసిండు గని కేదార్ ఫోన్ల ఉన్న ఫోటో గిదే. కేదార్ నిద్రల చెప్పిన భానుచందర్. మన దాంట్ల ఉన్న దొంగ పేరు వీని దగ్గరనే ఉన్నది."

ఒక ఆడగొంతు ఆ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చింది. ఆ గొంతు ఎవరిదో తెలిసి భానుచందర్ పై ప్రాణాలు పైనే పోయాయి. యశస్విని. ఆమె పక్కన సేఫ్టీ క్యాచ్ తీసిన పిస్టల్ చప్పుడు. రేనర్ కూడా ఈ గదిలోనే ఉన్నాడు.

ఉక్కపోత. నుదుటి మీంచి, చెవుల వెనక నుంచి, వీపు కింద నుంచి చెమట ధారలు కట్టింది. కదిలితే చావు. నిద్రపోతే యశస్విని చావు. మేలుకునే ఉన్నానని మెషీన్ చెప్పేసినా చావే.

"వచ్చింది సార్," అన్నాడు దినేశ్ ఉత్సాహంగా. "స్క్రీన్ చూడుండ్రి, ఎంత పెద్ద అలలో. డీప్ స్లీప్. మెషీన్ అబద్ధం చెప్పదు."

భానుచందర్‌కి ఒళ్ళు జలదరించింది. నేను నిద్రపోయానా? ఇదంతా కలా? రాత్రంతా నిద్రలేని మెదడుని ఎలా నమ్మడం? బుగ్గ లోపలివైపు గట్టిగా కొరికాడు. నొప్పి పుట్టింది. నెత్తురు ఉప్పగా తగిలింది. మేలుకునే ఉన్నాడు. మరి మెషీన్ అలా ఎందుకు చెబుతోంది?

"భానుచందర్," చెవి దగ్గర యశస్విని గొంతు, లాలిపాటంత మెల్లగా. "మాలో ఉన్న మీ మనిషి పేరేంటి?"

తనకి చావు తెచ్చే పేరుని తానే అడగాల్సి వచ్చింది ఆ పిల్లకి. పెదవి విప్పడానికి ధైర్యం చాలలేదు. ఆమె మళ్ళీ అడిగింది. అతను గురక పెట్టినట్టు ఊపిరి లాగాడు.

"గివ్ హిమ్ ద షాట్," అన్నాడు రేనర్.

"గీ మందు ఎక్కితే నోరు దానంతటదే తెరుసుకుంటది," అన్నాడు దినేశ్.

స్పిరిట్ వాసన వచ్చింది. మోచేతి మడతలో సూది మొన చల్లగా ఆనింది. ఇంకొక్క క్షణం ఆగితే తన నోరు తనది కాదు. అప్పుడు తట్టింది భానుచందర్‌కి: వీళ్ళు నేను నిద్రలో ఉన్నాననే నమ్ముతున్నారు. మంజుశ్రీ అనుకరించే తన ముద్ద గొంతుని గుర్తు చేసుకున్నాడు. నాలుక మందం చేసి గొణిగాడు.

"ది... నేశ్."

సూది ఆగిపోయింది. యశస్విని ఆ పేరుని అనువదించాల్సిన పని లేకపోయింది.

"అబద్ధం సార్," దినేశ్ గొంతు కీచుమంది. "వీడు మేల్కొని ఉన్నడు. యాక్టింగ్ చేస్తుండు."

"మెషీన్ అబద్ధం చెప్పదని ఇప్పుడే అన్నావట," యశస్విని రేనర్ మాటని తెలుగులో అప్పజెప్పింది. "డాక్టర్‌ని పిలిచి అడగమంటున్నారు."

పక్క గదిలోంచి కుసుమకుమారిని పట్టుకొచ్చారు. ఆవిడ చెప్పుల చప్పుడు మంచం పక్కన ఆగింది. నిద్ర మీద జీవితం ధారపోసిన మనిషి. చదువుకున్న అలవాటు కొద్దీ ఉన్నదున్నట్టు చెప్పేస్తే అంతా అయిపోయినట్టే.

ఆవిడ స్క్రీన్ దగ్గరికి వెళ్ళి మీటలు నొక్కిన చప్పుడైంది.

"డీప్ స్లీపేనండీ," అంది చివరికి. "ఇంత గాఢమైన నిద్ర నా సర్వీసులో చూళ్ళేదు. ఈ స్థితిలో మనిషి అబద్ధం ఆడలేడు."

పిస్టల్ దినేశ్ వైపు తిరిగినట్టుంది, వాడు కుర్చీని తన్నుకుంటూ వెనక్కి పడ్డాడు. మరుక్షణం సర్రుమని తెర లేచింది. పట్టీ పీకేసుకున్న భానుచందర్‌కి ఎండలో కళ్ళు చిట్లించుకుంటున్న రేనర్ కనిపించాడు. తలనుంచి వైర్లు వేలాడుతుండగానే అతని మీదికి దూకాడు. తుపాకీ పేలి స్క్రీన్ పగిలింది. పాంప్లెట్లవాళ్ళు తలుపు విరగ్గొట్టుకుని వచ్చారు. రేనర్‌కీ దినేశ్‌కీ బేడీలు పడ్డాయి. అనుమానం రాకుండా యశస్వినికి కూడా వేయమని భానుచందరే చెప్పాడు. గుమ్మం దాటుతూ ఆమె అతని వైపు చూసింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"నిద్ర అని ఎట్లా చెప్పారు మేడం?" అడిగాడు భానుచందర్, తలకున్న వైర్లు పీక్కుంటూ.

"చెమటండీ బాబూ," ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఏసీ ఆపేశాడు, జిడ్డు మీద అతికించాడు. చెమట పడితే గీత నిదానంగా పెద్ద పెద్ద అలల్లా ఊగుతుంది. తెలియనివాడికి అచ్చం డీప్ స్లీప్‌లాగే ఉంటుంది. అవి నిద్ర అలలు కావు, మీ భయం. అంత భయపడ్డ మనిషిని నేనెప్పుడూ చూళ్ళేదు."

"నేను చెప్పలే?" అన్నాడు అప్పుడే పైకొచ్చిన ఉప్పలయ్య. "ఇంటికి పోయి పండుకో."

భానుచందర్ బోరబండ ఇంటికి చేరి, అన్నం కూడా తినకుండా మంచం మీద వాలి, ఒళ్ళు మరిచి నిద్రపోయాడు. లేచేసరికి మరునాటి ఎండ కిటికీలోంచి మొహం మీద పడుతోంది. ప్రాణం హాయిగా ఉంది. మంజుశ్రీ చాయ్ గ్లాసు తెచ్చి టకామని బల్ల మీద పెట్టింది. ఈసారి అనుకరించలేదు. నవ్వలేదు.

"యశస్విని ఎవరు?" అంది.

భానుచందర్ నుదుటి మీద మళ్ళీ చెమట పట్టింది. దాన్ని గాఢ నిద్ర అని చెప్పడానికి ఈసారి డాక్టర్ గారు పక్కన లేరు.