తాడు చివరి బరువు

మా ఆయన ఎబినేజర్ నేవీలో డైవరు. విశాఖపట్నంలో ఓడల అడుగున పని. గుండె బలహీనపడిందని ఇంటికి పంపించేశారు. రెండు వేల నాలుగులో ఇల్లందు వచ్చి మా నాయిన ఇంటి పక్క వాటాలో దిగాం. బజారుకు పోయి కొత్తిమీర కట్ట తెచ్చేలోపు దారిలో అరుగులు వెతుక్కుని కూర్చునేవాడు. కొన్నాళ్లకు బజారుకు పోవడం మానేశాడు. తర్వాత మాట్లాడటం కూడా మానేశాడు.

నాకూ ఏడుపు రావడం ఆగిపోయింది. వండేదాన్ని, తినేవాళ్లం, గిన్నెలు తోమేదాన్ని. బాధ ఉందో లేదో కూడా తెలిసేది కాదు.

ఒకరోజు కంచం ముందు కూర్చుని, "ఒక్కసారి నీళ్లల్లకు దిగాలె రిబ్కా" అన్నాడు. ఎన్ని రోజులకో నోట్లోంచి వచ్చిన మాట. దవాఖానాకు పోయి అడిగితే డాక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. అలలు ఉండొద్దు, ప్రవాహం ఉండొద్దు, మెట్లు ఎక్కొద్దు, బరువు మొయ్యొద్దు, అట్లాంటి చోటు దొరికితే చూద్దాం అన్నాడు. దొరకదన్న ధైర్యంతో అన్నాడనుకుంటా. నా మొండితనం ఆయనకు తెలియదు.

వెతికాను. భద్రాచలంలో గోదావరి దగ్గర మెట్లు దిగడం సరే, ఎక్కడం ఎట్లా? కిన్నెరసాని డ్యాంలో నీళ్లు నిలకడగానే ఉన్నాయి, మొసళ్లు కూడా ఉన్నాయి. మణుగూరు దిక్కు వాగులకు ఒడ్డుదాకా బండి పోదు. చివరికి మా నాయిన ఆంథోనియే చెప్పాడు. అడవి అంచున, బొగ్గు తీసి వదిలేసిన ఓపెన్‌కాస్టు గొయ్యి ఉంది. వానలకు నిండి చెరువైంది. ఒకప్పుడు టిప్పర్లు దిగిన మట్టిరోడ్డు ఏటవాలుగా నీళ్లలోకి పోతుంది. మెట్లు లేవు, అలలు లేవు. నడుచుకుంటూ దిగొచ్చు, నడుచుకుంటూ రావొచ్చు. అంతకుముందు అక్కడే భూమి లోపల బొగ్గు బాయి, అంటే గని, ఉండేది. నాయిన ఆ బాయి మీదే, మనుషులను దించి పైకి తెచ్చే లిఫ్టు ఇంజను నడిపాడు.

విశాఖలో ఉన్న నేవీ స్నేహితుడు ఒకాయన గాలి సిలిండర్లు పంపాడు. ఆటో నడిపే మున్వర్ వాటిని నీళ్ల అంచుదాకా తెచ్చేవాడు. నడుము లోతులో నిలబెట్టి మా ఆయన వీపుకు కట్టేవాడు. వచ్చేటప్పుడు అక్కడే విప్పి తనే మోసేవాడు. నీళ్లలో బరువు లేదు కాబట్టి మా ఆయనకు ఆయాసం లేదు. మొదటిసారి బయటికొచ్చి "చాయ్ ఉందా?" అని అడిగాడు. సంతోషపడాలి కదా నేను? ఫ్లాస్కు మూత తిప్పాను, అంతే.

తోడు డైవరు లేడు కాబట్టి నడుముకు తాడు కట్టి, ఒడ్డున నాయిన పట్టుకునేవాడు. తాడుతో మాట్లాడే పద్ధతి నేవీకి వేరే ఉంది. కానీ నాయిన చేతులకు వచ్చింది బాయి లెక్క ఒక్కటే. కింది నుంచి ఒక గంట కొడితే ఆపాలి. రెండు కొడితే దించాలి. మూడు కొడితే లిఫ్టులో మనుషులు ఎక్కారు, మెల్లగా పైకి తేవాలి. మా ఆయన ఆ లెక్కే నేర్చుకున్నాడు. గంటలకు బదులు లాగుళ్లు.

మూడోసారి పోయింది జనవరిలో. మున్వర్ ఆటో మొరాయించి ఆలస్యమైంది. మేము చేరేసరికి ఎండ మట్టిగుట్టల వెనక్కి జారుతోంది. మా ఆయన నిదానంగా దిగాడు. తల మునిగింది. బుడగలు తేలుతూ ముందుకు సాగాయి.

తాడు రెండుసార్లు కదిలింది. నాయిన ఇంకొంత తాడు వదిలాడు. మళ్లీ రెండు. మళ్లీ వదిలాడు.

"అల్లుడు జోరు మీద ఉన్నడు" అని నవ్వాడు.

మళ్లీ రెండు. నాయిన నవ్వు ఆగింది. నీళ్ల కింద రోడ్డు కనిపించేంత వరకే పోతానని మా ఆయన ఒప్పుకున్నాడు. తాడు అది దాటి పోతోంది.

తడిసిన బొగ్గు వాసన వచ్చింది. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన వాసన. డ్యూటీ దిగిన వాళ్ల బట్టల్లో ఉండేది. పక్షుల చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. బుడగల కోసం చూశాను.

లేవు.

"నాయినా, బుడగలు..."

"ఆగు బిడ్డా."

ఎడమ పక్కన నీళ్ల చప్పుడైంది. తుమ్మ పొదల దగ్గర మా ఆయన పైకి లేచాడు. అద్దం నుదుటి మీదికి తోసుకుని గట్టు మీదికి నడిచి వచ్చాడు. సిలిండరు వీపు మీదే ఉంది, ఆయాసం లేదు. అదేంటని నాకు అప్పుడు తట్టలేదు. బతికి వచ్చాడు, చాలు అనుకున్నాను.

"తాడేది?" అన్నాను.

"ఏడనో తట్టుకున్నది. ఇప్పేసిన."

అప్పుడు నాయిన చేతిలో తాడు కదిలింది. ఒకటి... రెండు... మూడు.

నాయిన తాడు వంక చూసి, మా ఆయన వంక చూశాడు.

మళ్లీ మూడు. ఈసారి ఆత్రంగా.

నాయిన చేతులు వాటంతట అవే లాగడం మొదలుపెట్టాయి. మెల్లగా, ఒకే తీరుగా.

"నాయినా, ఇడిచిపెట్టు. ఆయన ఈడనే ఉన్నడు."

"మనుషులెక్కిండ్రు బిడ్డా" అన్నాడు గొంతు తగ్గించి. "ఎక్కినంక ఇడువొద్దు."

తాడు బిగిసింది. బరువు వస్తోంది. కొట్టుకుంటోంది కూడా... చేపలా కాదు. ఆగి, మూడు. ఆగి, మూడు. నాయిన చెప్పులు మట్టిలో జారుతున్నాయి. మోకాళ్ల దాకా నీళ్లలోకి పోయాడు. మున్వర్ నడుము పట్టుకున్నాడు. ఇద్దరూ జారుతున్నారు.

"కొయ్యి!" అని నేనే అరిచాను.

మా ఆయన పిక్కకు కట్టుకున్న కత్తి తీశాడు. ఒక్క వేటుకు కోశాడు.

తెగిన కొస నీళ్ల మీద కాసేపు ఆగింది. తర్వాత నెమ్మదిగా లోపలికి పోయింది. అక్కడ బుడగలు వచ్చాయి. కొన్నే. ఆగిపోయాయి.

"జల్దీ పోదాం అక్కా" అని మున్వర్ ఏడుస్తూ ఆటో తిప్పాడు.

ఆ తర్వాత మా ఆయన బాగుపడ్డాడు. బజారుకు పోతున్నాడు, ఎక్కడా కూర్చోవడం లేదు. గుండె పరీక్ష చూసి డాక్టరు, "ఏం మందు వాడిండ్రు?" అని నవ్వాడు. నేనూ నవ్వాలి కాబట్టి నవ్వాను. నాయిన మాత్రం మా వాటాలోకి రావడం మానేశాడు. మా ఆయన పలకరిస్తే తల దించుకుంటాడు.

నిన్న పొద్దున మంచు బాగా పడింది. నాయిన గొంగడి కప్పుకుని మా గడప బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"లిఫ్టు ఇంజను మీద ముసలోన్నైన బిడ్డా" అన్నాడు. "ఎందరెక్కిండ్రో చేతికి తెలుస్తది. పది మందైతే పది మంది, ఒక్కడైతే ఒక్కడు."

"అయితే?"

"ఆ పొద్దు తాడుకున్నది ఒక్క మనిషే. మన ఎబినేజరంత బరువు."

లోపల ఏదో కదలాలి. కదల్లేదు.

దిగువన బోరింగు దగ్గర్నుంచి మా ఆయన రెండు నిండు బిందెలతో ఎగువకు వస్తున్నాడు. పరుగులాంటి నడక. నాయిన పక్కకు తప్పుకున్నాడు.

"ఏందట మామ, పొద్దుగాల్నే వచ్చిండు?" అని మా ఆయన అడిగాడు.

"ఏం లేదు" అన్నాను.

చలికి నా నోట్లోంచి ఆవిరి వచ్చింది. నాయిన నోట్లోంచీ వస్తోంది. మా ఆయన బిందెలు దించకుండా, నా ముఖానికి దగ్గరగా నిలబడి ఇంకా ఏదో అడుగుతూనే ఉన్నాడు. ఆయన నోట్లోంచి ఏమీ రావడం లేదు.